నడిచి చూడవలసిన ఊరు



కూరలకు ఒక ఆటో, గుడికి ఒక ఆటో, పిల్లవాడి ట్యూషనుకు మరో ఆటో. నెలాఖరున లెక్క వేసుకుంటే పాలవాడి బాకీకన్న ఆటోల ఖర్చే ఎక్కువ తేలే ఇళ్ళు మన నగరాల్లో ఎన్నో వున్నాయి. ఖర్చు మాట అలా వుంచండి. ఎవరో ఒకరు బండి మీద తీసుకువెడితే తప్ప గడప దాటలేకపోవడం ఆడవాళ్ళకు ఎంత ఇబ్బందో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే బజారూ, గుడీ, బడీ, సముద్రమూ అన్నీ కాలినడకన అందే ఊరంటే మనకు అంత మోజు.

అటువంటి ఊరొకటి విశాఖపట్నానికి సుమారు 25 కిలోమీటర్ల దూరంలో వుంది. కాగితాల మీద భీమునిపట్నం. మన నోట భీమిలి. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, ఆ పక్కనే గోస్తనీ నది వచ్చి కడలిలో కలుస్తుంది. చూసి వచ్చినవాళ్ళందరూ "ఎంత ముచ్చటగా వుందీ ఊరు!" అంటారు. నిజమే. కాని ఆ ముచ్చట ఎక్కడినుంచి వచ్చిందో ఎప్పుడైనా ఆలోచించారా? ఎవరూ ముచ్చట కోసం ఆ ఊరు కట్టలేదండీ. వ్యాపారం కోసం కట్టారు. ఆ వ్యాపారం పోవడంవల్ల అది అలా మిగిలిపోయింది. ఈవేళ ఆ కథే చెప్పుకుందాం.

భీముడి పేరు మీద వెలసిన ఊరని, బకాసురుడి కథ ఇక్కడిదేనని స్థానికులు చెప్పుకుంటారు. పురాణం సంగతి ఎలా వున్నా ఊరు పాతదనడానికి కొండే సాక్షి. నరసింహస్వామి వెలసిన ఆ కొండకు పావురాళ్ళకొండ అని పేరు. రెండువేల ఏళ్ళనాడు దానిమీద బౌద్ధ భిక్షువులు వుండేవారు. వాననీరు పట్టుకోవడానికి వాళ్ళు రాతిలో తొలిచిన తొట్లు ఇప్పటికీ వున్నాయి. గంగాళాల్లోకి చూరునీళ్ళు పట్టుకున్న మన అమ్మమ్మల తెలివే అది!

ఇక డచ్చివారి సంగతికి వద్దాం. హాలెండు దేశపు వర్తకులు 1605లో మచిలీపట్నంలో వ్యాపారం మొదలుపెట్టారు. ఆ శతాబ్దంలోనే భీమిలికీ వచ్చారు. ఎందుకొచ్చారో తెలియాలంటే మీ వంటింట్లో పోపులడబ్బా మూత తియ్యండి. లవంగాలు, జాజికాయ, జాపత్రి ఆ రోజుల్లో తూర్పు దీవుల్లోనే పండేవి. ఐరోపాలో వాటికి గొప్ప గిరాకీ. ఆ దీవులవాళ్ళకేమో మన కోస్తా నూలుబట్టల మీద మోజు. కాబట్టి డచ్చివారు ముందు మన రేవుల్లో బట్టలు కొనేవారు. వాటిని దీవులకు తీసుకుపోయి సుగంధద్రవ్యాలకు మార్చుకునేవారు. అంటే మన సాలెవారు మగ్గం మీద నేసిన బట్టే ఐరోపా వంటిళ్ళకు లవంగాన్ని తెచ్చిపెట్టిందన్నమాట. ఆ మగ్గాల వెనక రాట్నం తిప్పి నూలు వడికిన ఆడవాళ్ళు ఎంతమందో! వాళ్ళ పేర్లు మాత్రం ఏ చరిత్రలోనూ లేవు.

భీమిలి రేవు మాట చెప్పాలి. ఓడలు ఒడ్డుదాకా వచ్చే రేవు కాదది. అవి దూరంగా లోతునీటిలో లంగరు వేసుకుని వుండేవి. ఒడ్డునుంచి సరుకు మసూలా పడవల్లో వెళ్ళేది. ఆ పడవల చెక్కలకు మేకులు వుండవు. కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టేస్తారు. అల ఎత్తి ఇసుక మీద కుదేసినప్పుడు మేకులు కొట్టిన పడవైతే విరుగుతుంది. కుట్టుపడవ కొంచెం వంగి, మళ్ళీ సర్దుకుంటుంది. సరుకు దింపేవారు, మోసేవారు, తూచేవారు, లెక్క రాసేవారు అందరూ నడిచి పనిచేసేవాళ్ళే. మోతబరువుతో ఎంత దూరం నడవగలరు? అందుకని గిడ్డంగీ, బజారూ, ఇళ్ళూ అన్నీ ఒడ్డుకు దగ్గరగానే లేచాయి. మనం ఈనాడు మెచ్చుకునే ఆ దగ్గరతనం కూలివాడి భుజం కొలిచి ఇచ్చిన కొలత!

డచ్చివారికీ ఇంగ్లీషువారికీ ఐరోపాలో యుద్ధం వచ్చినప్పుడల్లా ఇక్కడ జెండా మారేది. చివరికి 1824లో ఆ రెండు దేశాలూ లండనులో ఒడంబడిక చేసుకున్నాయి. మరుసటి ఏడు, 1825లో, భీమిలి పూర్తిగా ఇంగ్లీషువారి చేతికి వచ్చింది. డచ్చివారు వెళ్ళిపోయారు గాని, వాళ్ళలో తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళు ఇక్కడి పాత శ్మశానంలో, కోసుగా పైకి లేచిన సమాధుల కింద వున్నారు.

ఇంగ్లీషువారి కాలంలో ఊరు ఇంకా పుంజుకుంది. 1861లోనే పురపాలక సంఘం ఏర్పడింది. దేశంలో రెండవదని ఊరివాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. గంటస్తంభం, దీపస్తంభం, సెయింట్ పీటర్స్ చర్చి ఇవన్నీ ఆ పాతరోజులవే. అప్పుడు ఎగుమతయ్యే సరుకుల్లో నూనెగింజలతోబాటు గోగునార ముఖ్యం. గోగంటే వేరే ఏమీ కాదండీ, మన గోంగూర జాతిదే! ఆకు మనం పచ్చడి చేసుకుంటాం. కాడను నీళ్ళలో నానబెట్టి నార తీస్తారు. చుట్టుపట్ల జిల్లాల్లో పండిన ఆ నారకు ప్రపంచపు బజారులో "బిమ్లీ జూట్" అని పేరు పడింది. అంటే భీమిలి జనుము అని. చూడని దేశాల్లో కూడా గోనెసంచుల వ్యాపారులకు మన ఊరి పేరు నోటికి వచ్చేదన్నమాట.

మరి అంతటి రేవు ఎందుకు పడుకుంది? రెండు దెబ్బలు తగిలాయి. 1890లలో రైలు వచ్చింది. ఆ దారి విజయనగరం, కొత్తవలస, సింహాచలం మీదుగా వాల్తేరుకు లోపలనుంచే పోయింది. భీమిలికి స్టేషను దక్కలేదు. తరువాత 1933లో విశాఖపట్నంలో కొత్త ఓడరేవు తెరిచారు. ఓడ ఒడ్డును ఆనుకుని నిలబడుతుంటే, పక్కనే రైలుబండి వుంటే, కుట్టుపడవలో సరుకెక్కించే ఓపిక ఎవరికి వుంటుంది? వర్తకులు మెల్లగా తరలిపోయారు. విశాఖ పెరిగింది. భీమిలి ఆగింది.

ఊరు ఆగింది కాబట్టే వీధులు వెడల్పు చెయ్యవలసిన అవసరం రాలేదు. పాత ఇళ్ళు పడగొట్టి మేడలు లేపేందుకు డబ్బున్నవాళ్ళు రాలేదు. 1978లో "మరో చరిత్ర" సినిమాలో ఆ తీరం చూసి మురిసిపోయాం గుర్తుందా? ఆ ప్రశాంతత అంతా రేవు పడుకోవడంవల్ల వచ్చిందే. పైవాళ్ళకు అది అందం. అక్కడివాళ్ళకు మాత్రం పని కోసం పిల్లల్ని ఊరు దాటించవలసిన అవస్థ. దగ్గరలో చిట్టివలస జూట్ మిల్లు మిగిలిందనుకుంటే, అదీ 2009లో మూతపడింది. గోగునారకు పేరిచ్చిన ఊళ్ళో గోనెసంచి నేసే చేతులకు పని లేకపోయింది. ముచ్చటైన ఊరని మనం అనేటప్పుడు ఈ సంగతీ గుర్తుండాలి.

ఇప్పుడు మళ్ళీ గాలి తిరిగింది. భీమిలి పురపాలక సంఘం విశాఖ మహానగరంలో కలిసిపోయింది. సముద్రం వెంబడి రోడ్డు పడింది. ఉత్తరాన భోగాపురం దగ్గర విమానాశ్రయం తలపెట్టాక నేలధరలు కొండెక్కాయి. నూరేళ్ళ కిందట నగరం దూరమై ఈ ఊరు చిక్కిపోయింది. ఇప్పుడు నగరం దగ్గరై ఏమవుతుందన్నది ప్రశ్న. ఊరివాళ్ళకు పని దొరకడం సంతోషమే. కాని ఒడ్డున వల ఎండేసుకునే చోటు పోయి, గంప నెత్తినెట్టుకుని చేపలమ్మే ఆమె ఇల్లు ఊరవతలికి జరిగిపోయి, ఆ జాగాలో కార్లు నిలబడితే, అప్పుడు అది నడిచే ఊరు అవుతుందా? ఎవరి నడకతో ఆ ఊరు ఏర్పడిందో వాళ్ళకే అక్కడ నడిచే చోటు లేకపోతే, మిగిలేది నాలుగు పాతగోడలు, ఒక గంటస్తంభం.

మన చేతిలో ఏముందంటారా? కొంచెం వుంది. ఈసారి పిల్లలతో భీమిలి వెళ్ళినప్పుడు బండి ఊరిమొదట్లోనే ఆపించండి. కాలినడకన తిరగండి. సమాధుల మీద పేర్లు గీకవద్దని పిల్లలకు చెప్పండి. చేపలో, జీడిపప్పో, తాటిముంజెలో ఆ ఊరి ఆడవాళ్ళ దగ్గరే కొనండి. ఇంటికొచ్చాక గోంగూర పచ్చడి వడ్డిస్తూ, ఈ ఆకు చుట్టమే ఒకప్పుడు ఓడలెక్కి వెళ్ళిందని చెప్పండి. పాఠ్యపుస్తకంలో లేని చరిత్ర పిల్లలకు అన్నం దగ్గరే బాగా ఒంటబడుతుంది.

అలాగే మన పేటలో కొత్త రోడ్డు వేస్తున్నారంటే, "కాలిబాట ఎక్కడ?" అని మనమూ అడుగుదాం. నడవడానికి దారి వున్న ఊళ్ళోనే ఆడది ఎవరి తోడుకోసమూ ఎదురుచూడకుండా తన పని తాను చేసుకురాగలుగుతుంది.

ఇక సెలవు.