నాలుగు కిలోమీటర్ల దూరంలో అమ్మ

మా ఎదురు ఫ్లాట్‌లో డెబ్బై దాటిన చైనా ఆవిడ ఒక్కరే ఉంటారు. సింగపూర్‌లో పెద్దవాళ్లంతా ఆంటీలు, అంకుల్సే కాబట్టి నేనూ ఆంటీ అనే పిలుస్తాను. కొడుకు కాపురం రెండు బస్టాపుల అవతల. ప్రతి ఆదివారం రాత్రి పెళ్లాంబిడ్డలతో భోజనానికి వస్తాడు. ఆరేళ్ల మనవరాలు ‘ఆమా, తిను’ అని నాయనమ్మను పిలిచాకే చెంచా పట్టుకుంటుంది. పెద్దల్ని పిలవకుండా ముద్ద ముట్టకూడదని వాళ్ల ఇళ్లల్లో పద్ధతి.

ఆ పద్ధతి కన్ఫ్యూషియస్‌ బోధించిన మాతాపితృభక్తి నుంచి వచ్చింది. దాన్ని నిలుపుకోవడానికి ఈ దేశం పడిన తాపత్రయం మన ఊళ్లల్లో పెద్దగా ఎవరికీ తెలియదు.

1965లో స్వతంత్రమైన సింగపూర్‌, ఒక్క తరంలోనే పాకల నుంచి బహుళ అంతస్తుల్లోకి మారింది. డబ్బుతోపాటు పడమటి అలవాట్లు వచ్చి కుటుంబాలు చెదిరిపోతాయని పాలకులు భయపడ్డారు. 1982లో విద్యామంత్రి గో కెంగ్‌ స్వీ, హైస్కూలు పిల్లలకు బైబిల్‌, బౌద్ధం, ఇస్లాం, హిందూ పాఠాల సరసన కన్ఫ్యూషియస్‌ నీతి కూడా పెడతామన్నారు. పాఠాలు ఎలా ఉండాలో చెప్పడానికి అమెరికా, తైవాన్‌ల నుంచి ఎనిమిదిమంది పండితులు వచ్చారు. వారిలో హార్వర్డ్‌ ఆచార్యుడు తు వెయ్‌మింగ్‌ ఒకరు.

నాలుగింట మూడొంతులు చైనీయులున్న దేశానికి బయటి పండితులు ఎందుకు కావలసి వచ్చారు? ఇక్కడికి ఓడలెక్కి వచ్చినవాళ్లలో ఎక్కువమంది ఫుజియాన్‌, గ్వాంగ్‌డాంగ్‌ తీరాల కూలీలు, చిల్లర వర్తకులు. వాళ్ల వెంట వచ్చింది గ్రంథాలు కాదు, దేవతలు. తెలోక్‌ అయర్‌ వీధిలో 1842 నాటికి పూర్తయిన థియన్‌ హాక్‌ కెంగ్‌ గుడిలో, సముద్రం దాటించిన తల్లి మాజు ఇప్పటికీ పూజలందుకుంటోంది. ఆమెను కొలిచే తావో సంప్రదాయానికి మాత్రం బడిలో పాఠం దక్కలేదు. 1980లో జనాభాలో సుమారు 30 శాతం ఉన్న తావో అనుయాయులు 2020 నాటికి 8.8 శాతమయ్యారు. ఇది తలచుకుంటే నాకు బాధగానే ఉంటుంది.

పాఠం దక్కిన కన్ఫ్యూషియస్‌ కూడా బడిలో నిలవలేదు. 1984లో, వీటిలో ఏదో ఒకటి తప్పక ఎంచుకోవాలన్న నియమంతో తరగతులు మొదలయ్యాయి. పిల్లలు ఎక్కువగా బౌద్ధం వైపు మొగ్గారు, ఆయన్ను ఎంచుకున్నవాళ్లు ఐదోవంతు కూడా లేరు. మతాల మధ్య గీతలు ముదురుతున్నాయని గ్రహించిన ప్రభుత్వం 1989లో ఆ నిర్బంధాన్ని ఎత్తేసింది.

తర్వాత చట్టం వచ్చింది. న్యాయశాస్త్రం తెలిసిన నామినేటెడ్‌ పార్లమెంటు సభ్యుడు వాల్టర్‌ వూన్‌ ప్రతిపాదించిన బిల్లు 1995లో నెగ్గింది. అరవై దాటి, తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు ట్రైబ్యునల్‌కు వెళ్లి బిడ్డల దగ్గర భత్యం కోరవచ్చు. 2007లో మన దేశమూ ఇలాంటి చట్టమే చేసుకుంది. దిక్కులేని పెద్దలకు అది అండ, కాదనను. కానీ గౌరవం లేకుండా తిండి మాత్రం పెడితే, అది ఇంట్లో పశువుల్ని మేపడం కన్నా ఏం గొప్పని కన్ఫ్యూషియస్‌ ఏనాడో నిలదీశాడు. తీర్పు భత్యాన్ని ఇప్పించగలదు, ఆదివారం రాత్రి ‘ఆమా, తిను’ అన్న పిలుపును ఇప్పించలేదు. ఆయన ధర్మాన్ని బిడ్డల మీదే మోపలేదు, తండ్రి కూడా తండ్రిలా నడుచుకోవాలన్నాడు. 2023 సవరణలో ఆ రెండో సగమూ చేరింది. బిడ్డను హింసించిన, వదిలేసిన తల్లిదండ్రులు భత్యం అడగాలంటే ముందు ట్రైబ్యునల్‌ అనుమతి తెచ్చుకోవాలి.

నాకు అన్నిటికన్నా నచ్చింది ఇళ్ల సంగతి. ఇక్కడ ప్రతి ఐదుగురిలో సుమారు నలుగురు ప్రభుత్వం కట్టిన ఫ్లాట్లలోనే ఉంటారు. అమ్మానాన్నలతో కలిసి ఉండడానికో, వాళ్లకు దగ్గర్లో ఉండడానికో పాత ఫ్లాటు కొనుక్కునే కుటుంబాలకు 2015 నుంచి గ్రాంటు ఇస్తున్నారు. ‘దగ్గర’ అంటే 4 కిలోమీటర్ల లోపు అని 2018లో నిర్ణయించారు. కలిసి ఉంటే 30,000 డాలర్లు, దగ్గరుంటే 20,000. నీరు పల్లమెరుగు అంటాం మనం. తావో గురువు లావోజు నీటిని మెచ్చుకున్నది కూడా ఆ గుణానికే, అది దేనితోనూ కలబడకుండా కిందికి దారి చూసుకుంటుంది. ఈ గ్రాంటులో ఉపదేశం లేదు, ట్రైబ్యునల్‌ లేదు. పల్లం ఎటుందో చూసి అటు కాలవ తీశారు. ఎదురింటి కొడుకు ఆదివారం ఆదివారం రాగలుగుతున్నాడంటే, రెండు బస్టాపులే కావడం కూడా ఒక కారణం.

ఆ గ్రాంటు నాకు వర్తించదు. తల్లిదండ్రులు కూడా ఇక్కడి పౌరులో శాశ్వత నివాసులో అయి ఉండాలి. మా అమ్మ తెనాలి వదిలి రాదు. మొన్న ఫోన్‌లో ఇదంతా చెబితే ఓపిగ్గా విని, ‘ఆ నాలుగు కిలోమీటర్లు రోడ్డు వెంట కొలుస్తార్రా?’ అని అడిగింది.

‘కాదమ్మా, మ్యాపు మీద గీత గీసినట్టు, సూటిగా.’

కాసేపు మాట్లాడలేదు. ‘అయితే మధ్యలో నీళ్లున్నా పర్లేదన్నమాట’ అంది.