సాలిస్‌బరీ ప్రభువు – మన కరవులు



ధాత కరవు అను మాటను పెద్దలగు మీరు వినియే యుందురు. ధాత నామ సంవత్సరమున, అనగా 1876లో, వానలు తప్పి బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు మండలములలో జనము అన్నము లేక మలమల మాడిరి. ఆ సమయమున మన దేశపాలనకు లండను నగరములో బాధ్యుడై యుండిన ఇండియా మంత్రి యెవరు? సాలిస్‌బరీ ప్రభువు. ఆయన చరిత్రమును నేడు మీకు విన్నవించెదను.

ఆయన అసలు పేరు రాబర్టు సెసిలు. 1830 ఫిబ్రవరి 3వ తేదీన హాట్‌ఫీల్డు అను పూర్వికుల సౌధమున జన్మించెను. ఎలిజబెత్తు రాణికి మహామంత్రియైన విలియం సెసిలు ఆ వంశమునకు మూలపురుషుడు. ఇంతటి వంశమున బుట్టినను ఆయన బాల్యము సుఖముగ గడవలేదు. ఈటను పాఠశాలలో తోడి బాలురు పెట్టిన బాధల కోర్వలేకపోగా, తండ్రి 1845లో ఆయనను ఇంటికి రప్పించి చదివించెను. పిమ్మట ఆక్సుఫర్డులో చదివి, దక్షిణాఫ్రికా, ఆస్ట్రేలియా, న్యూజిలాండు దేశములను చూచివచ్చి, 1853లో స్టాంఫర్డు నుండి పోటీ లేకయే సామాన్యుల సభకు సభ్యుడయ్యెను. 1857లో తండ్రి సమ్మతింపకున్నను ఒక న్యాయాధిపతి కుమార్తెయగు జార్జినా ఆల్డర్సనును పెండ్లాడెను. సంసారమునకు చాలినంత ధనము లేకపోగా పత్రికలకు వ్యాసములు వ్రాసి ఆ వెలితిని పూడ్చుకొనెను. 1865లో అన్న మరణించుటచే వారసత్వమును, 1868లో తండ్రి మరణించుటచే మార్క్విసు పదవియు ఆయనకు సంక్రమించెను.

1866 జూలైలో, ముప్పదియారేండ్ల వయస్సున, ఆయన మొదటిసారి ఇండియా మంత్రి యయ్యెను. అప్పటికే ఒరిస్సా దేశమున ఘోరమైన క్షామము వ్యాపించియుండెను. నాడు మద్రాసు రాజధానిలోనిదైన మన గంజాము మండలమునకును దాని వేడి తగిలినది. ప్రమాదము లేదని అధికారులు పలికిన మాటలను నమ్మి, నూతన మంత్రి రెండు మాసములు ఏమియు చేయక యూరకుండెను. ఋతుపవనముల పోటుకు రేవులు మూతపడగా బియ్యపు ఓడలు దరి చేరుటకు వీలు లేకపోయెను. ఇంచుమించు 10 లక్షల ప్రాణములు పోయినవి. ఆ పాపములో తనకును పాలు కలదనియు, తాను నిర్దోషినని ఎన్నడును తలపలేదనియు ఆయన అనంతర కాలమున స్వయముగ ఒప్పుకొనెను. అధికారులలో ఇట్టి ఒప్పుకోలు అరుదు. కావున ఆయన హృదయము కఠినమైనదని మనము అనరాదు.

1867లో ఓటు హక్కును విస్తరించు చట్టమును తన పక్షమువారే తెచ్చిరి. బీదల చేతికి ఓటు వచ్చినచో రాజ్యము చెడునని సాలిస్‌బరీ నమ్మకము. నమ్మినదానిని విడువలేక మంత్రిపదవినే విడిచెను. పదవి కొరకు మాట మార్చువారు సర్వకాలములందును కలరు. మాట కొరకు పదవి నొదలువారు కొందరే.

1874లో డిజ్రేలీ మంత్రివర్గమున ఆయన మరల అదే పీఠమెక్కెను. బీహారు క్షామమున సర్ రిచర్డు టెంపులు బర్మా నుండి బియ్యము తెప్పించి జనమును కాపాడిన కాలమది. చనిపోయినవారు మిక్కిలి తక్కువ. అయినను వ్యయము హెచ్చైనదని ఆతనికి నింద వచ్చెను. 1875లో సాలిస్‌బరీ పన్నుల విషయమై వ్రాసిన యొక వ్రాతలో ఇండియాకు నెత్తురు తీయక తప్పనిచో, క్షీణించిన రైతుల యంగములను విడిచి, నెత్తురు గడ్డకట్టిన చోటనే కత్తి పెట్టవలెనని పోలిక చెప్పెను. రైతు క్షీణించెనని ఆయనకు తెలియును; నెత్తురు తీయక మానవలెనని మాత్రము తోచలేదు. దాదాభాయి నౌరోజీ ఆ మాటను పట్టుకొని జీవితాంతము ఆంగ్లేయుల కెత్తిచూపెను.

పిమ్మట వచ్చినది ధాత కరవు. 1877 జనవరి 1వ తేదీన ఢిల్లీలో లిట్టను ప్రభువు మహావైభవముగ దర్బారు జరిపెను. ఆ నెలలోనే టెంపులు మద్రాసు రాజధానికి వచ్చెను. మునుపటి నింద ఆతడు మరవలేదు కాబోలు, సహాయపు పనులలో కూలివానికి దినమునకు ఒక పౌను ధాన్యము, ఒక అణా చాలునని నిర్ణయించెను. ఇది ప్రాణము నిలుపజాలదని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిషు ఎదురాడెను. కొన్ని మాసములకు గాని ఆ కొలత సడలలేదు. దేశము నుండి ధాన్యపు ఎగుమతులు మాత్రము నిలువలేదు. ఆ కరవున బ్రిటిషు పాలిత ప్రాంతములలోనే 50 లక్షలకు మించి చనిపోయిరి. 1878 ఏప్రిల్ వరకు ఇండియా మంత్రి సాలిస్‌బరీయే. ఆ కరవున గవర్నరైన బకింగుహాము ప్రభువు పేరు మన తీరపు కాలువకు నిలిచినది. అందులో మద్రాసు వద్ద కొంతభాగమును త్రవ్వినది ఆ కరవు కూలీలే.

తరువాత ఆయన విదేశాంగమంత్రి యయ్యెను. 1885–86, 1886–92, 1895–1902 సంవత్సరములలో మూడుమారులు ప్రధానమంత్రియై, మొత్తము పదమూడేండ్లకు పైగా ఏలెను. ప్రభువుల సభలో కూర్చుండియే యింతకాలము రాజ్యము నడపిన కడపటివాడు ఆయనయే. 1891లో ఇంగ్లండున ప్రాథమిక విద్యకు జీతములు తీసివేసెను. ఇంట రసాయనశాల నుంచుకొని పరిశోధనలు చేయు విద్యావంతుడు, దైవభక్తి కలవాడు. 1903 ఆగస్టు 22న హాట్‌ఫీల్డుననే కాలధర్మము నొందెను.

1888లో ఎడింబరోలో ఆయన నౌరోజీని గూర్చి ప్రసంగించుచు, నల్లవానిని ఎన్నుకొను స్థితికి ఆంగ్ల ఓటర్లు రాలేదని పలికెను. 1892లో సెంట్రల్ ఫిన్స్‌బరీ ఓటర్లు నౌరోజీనే ఎన్నుకొనిరి. ఆధిక్యము వ్రేళ్లపై లెక్కింపదగినంతయే. అయినను ప్రత్యుత్తరము స్పష్టమే.

ఇక విచారింపుడు. బీదలకు ఓటు వలదన్న ప్రభువే, ఓటు వచ్చిన పిమ్మట ఆ బీదల బిడ్డలకు ఉచితవిద్య నిచ్చెను. ఒరిస్సా మృతులకై నిజముగ నొచ్చుకొన్న ప్రభువే, పదేండ్లకు మన మండలములు ఆకలిగొన్నప్పుడు అదే పీఠముపై నుండెను. మనిషి ఒక్కడే, భేదమెక్కడ? ఇంగ్లండు కూలివాడు ఆయనను పీఠము నుండి దింపగలడు, కడప కూలివాడు దింపలేడు. పాలకుని పశ్చాత్తాపము ఆతని ఆత్మకు మేలు చేయవచ్చును. ఆకలిగొన్నవాని గిన్నెలో గింజ కానేరదు. మంచివాడైన ప్రభువు దొరకుట ప్రజల అదృష్టము. ప్రభువు చేత జవాబు చెప్పించుకొనగలుగుట ప్రజల రక్ష. అదృష్టమును నమ్మి ధాత కరవున చనిపోయిన మన పూర్వులను తలచుకొని, ఆ రక్షను ఎన్నడును చేజార్చుకొనకుందుము గాక.