బండికి ఉన్న బీమా.. ఇంటికేదీ?

విజయవాడ: 2024 సెప్టెంబరు 1న అజిత్‌సింగ్‌నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట, వాంబే కాలనీ తదితర ప్రాంతాలను బుడమేరు ముంచెత్తింది. చాలాచోట్ల కింది అంతస్తులు నీట మునిగి రోజుల తరబడి అలాగే ఉండిపోయాయి. వరద తగ్గాక బీమా క్లెయిముల పరిష్కారానికి అధికారులు నగరంలో ప్రత్యేక సహాయ కేంద్రాన్ని ప్రారంభించగా, అందిన దరఖాస్తుల్లో అత్యధికం వాహనాలవే. చట్టం తప్పనిసరి చేసింది కనుక బండికి ఏదో ఒక బీమా ఉంటుంది. ఆ బండిని నిలిపిన ఇంటికి, ఇంట్లోని సామగ్రికి బీమా ఉన్న కుటుంబాలు అరుదు.

ముంపునకు గురైన ఇళ్లకు రాష్ట్ర ప్రభుత్వం అప్పట్లో కింది అంతస్తుకు రూ.25 వేలు, మొదటి అంతస్తు, ఆపై వారికి రూ.10 వేలు ప్రకటించింది. గడ్డు రోజుల్లో ఆ సొమ్ము ఆదుకున్న మాట నిజమే. అయితే అది సాయమే తప్ప నష్టపరిహారం కాదు. మంచాలు, పరుపులు, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, బీరువా, వంటసామగ్రి ఒక్కసారిగా పోయిన ఇంటికి పాతిక వేలు ఏ మూలకు? గోడల మరమ్మతు, వైరింగ్, తలుపుల ఖర్చు అదనం.

నది ఒడ్డున లేకపోయినా..

కృష్ణకు కరకట్ట ఉంది, మా ఇల్లు నదికి దూరం అన్న ధీమా నగరవాసుల్లో చాలాకాలంగా ఉంది. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరి, 2009 అక్టోబరు నాటి 11.10 లక్షల క్యూసెక్కులను మించిపోయింది. అయినా సింగ్‌నగర్‌ను ముంచింది కృష్ణ కాదు. మైలవరం కొండల్లో పుట్టి కొల్లేరులో కలిసే బుడమేరు.

ఈ వాగు నీటిని వెలగలేరు రెగ్యులేటర్ వద్ద మళ్లింపు కాలువలోకి తిప్పి, ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణలో కలిపే ఏర్పాటు ఉంది. కృష్ణ నిండుగా ప్రవహిస్తున్నప్పుడు మళ్లింపు కాలువలోని నీరు నదిలోకి సులువుగా జారదు. వెనక్కి ఎగదన్నుతుంది. కట్టలపై ఒత్తిడి పెరుగుతుంది. 2024లో ఆ కాలువకు మూడు గండ్లు పడ్డాయి. సైన్యం సాయంతో వాటిని పూడ్చే వరకు నగరంలోకి నీరు ఆగలేదు. రెగ్యులేటర్ గేట్లు ఎత్తినప్పుడు వాగు తన పాత దారినే పట్టింది. ఆ దారిలో దశాబ్దాలుగా కాలనీలు వెలిశాయి. 2005లోనూ బుడమేరు పొంగి నగరాన్ని ముంచింది. ఈ రెండు వరదల నడుమ ఇల్లు కొన్నవారిలో ఎందరికి ఆ సంగతి తెలుసో చెప్పలేం.

పెద్ద నదులు కొంత వ్యవధి ఇస్తాయి. గోదావరిలో భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48కి రెండో, 53కి మూడో హెచ్చరిక జారీ అవుతుంది. ధవళేశ్వరం వద్ద అవి 11.75, 13.75, 17.75 అడుగులు. అక్కడ నీరు పెరుగుతుంటే దిగువ లంక గ్రామాలకు సర్దుకునే సమయం చిక్కుతుంది. చిన్న వాగులు అంత సమయం ఇవ్వవు. ఎగువన ఒక రాత్రి కురిసిన కుంభవృష్టి తెల్లవారేసరికి గుమ్మంలో ఉంటుంది.

కొనేముందు అడగవలసినవి

ఇల్లు కొనేవారు, అద్దెకు దిగేవారు 2005లో, 2024లో ఆ వీధిలో నీరు ఎంత ఎత్తున నిలిచిందో ఇరుగుపొరుగును విచారించాలి. అమ్మేవారి మాటకన్నా ఎదురింటి గోడపై మిగిలిన మరక నమ్మదగినది. రోడ్డు మట్టంతో పోలిస్తే ఇంటి అరుగు ఎంత ఎత్తులో ఉందో చూడాలి. ఏటా రోడ్డుపై రోడ్డు వేస్తూ పోవడంతో పాత ఇళ్లు పల్లంలోకి జారిన వీధులు కొల్లలు. వాగులు, చెరువుల విషయంలో భవన నిర్మాణ నిబంధనలను సరిచూసుకోవాలి. 10 మీటర్లకు మించిన వెడల్పు గల వాగు, కాలువ హద్దు నుంచి 9 మీటర్ల మేర, 10 హెక్టార్లు, ఆపై విస్తీర్ణం గల చెరువు నుంచి 30 మీటర్ల మేర నిర్మాణాలు కూడదు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఉపగ్రహ చిత్రాలతో రూపొందించిన ముంపు పటాలను భువన్ వెబ్‌సైట్‌లో చూడవచ్చు. అయితే వీధి స్థాయి సంగతులకు పాతకాపులే దిక్కు.

వరద బీమా విడిగా ఉండదు

అమెరికాలో మాదిరిగా ఇళ్లకు ప్రత్యేక వరద బీమా పథకం మన దేశంలో లేదు. అగ్నిప్రమాద బీమాలోనే తుపాను, వరద, ముంపు కలిసి ఉంటాయి. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశాలతో 2021 ఏప్రిల్ 1 నుంచి 'భారత్ గృహ రక్ష' అనే ప్రామాణిక పాలసీ అమల్లోకి వచ్చింది. అగ్ని, భూకంపం, పిడుగు, తుపాను, వరద, కొండచరియలు విరిగిపడడం వంటివి ఇందులో ఉంటాయి. ఏ కంపెనీ వద్ద తీసుకున్నా మౌలిక షరతులు ఒక్కటే.

చాలామంది పొరపడేది బీమా మొత్తం దగ్గరే. మార్కెట్‌లో ఇల్లు రూ.60 లక్షలు పలుకుతోందని అంత మొత్తానికి బీమా చేయనక్కరలేదు. స్థలం వరదకు కొట్టుకుపోదు. తిరిగి కట్టడానికి అయ్యే ఖర్చే లెక్క. ఉదాహరణకు 900 చదరపు అడుగుల ఇంటికి అడుగుకు రూ.2 వేల చొప్పున రూ.18 లక్షలు. ఇలా నిర్మాణానికి బీమా చేస్తే, అందులో 20 శాతం మేర, గరిష్ఠంగా రూ.10 లక్షల వరకు ఇంటి సామగ్రికి రక్షణ దానంతటదే లభిస్తుంది. పై ఉదాహరణలో అది రూ.3.60 లక్షలు. అంతకు మించి కావాలంటే వివరాలు తెలిపి అదనంగా తీసుకోవాలి. గరిష్ఠంగా పదేళ్లకు పాలసీ తీసుకోవచ్చు. ఇల్లు నివాసయోగ్యం కానంతకాలం వేరేచోట ఉండేందుకు అయ్యే అద్దె, శిథిలాల తొలగింపు ఖర్చు కూడా పరిమితులకు లోబడి చెల్లిస్తారు. అద్దెకున్నవారు సామగ్రికి మాత్రమే పాలసీ తీసుకునే వీలుంది. ఇంటి యజమాని చేయించిన బీమా అద్దెదారు టీవీకి, బీరువాకు వర్తించదు.

నగదు, దస్తావేజులు, వాహనాలు దీని పరిధిలోకి రావు. నగలకు విడిగా చెప్పి విలువ నమోదు చేయించాలి. ముందు గదిలో కిరాణా కొట్టో, కుట్టుపనో నడిపే ఇళ్లు సింగ్‌నగర్ వంటి చోట్ల తక్కువేమీ కాదు. ఆ సరకు ఇంటి సామగ్రి కింద చెల్లదు. దానికి 'భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష' వంటి వ్యాపార పాలసీ వేరుగా ఉండాలి.

గృహరుణం తీసుకున్నవారు బ్యాంకు ఎలాగూ బీమా చేయించిందిలే అనుకుంటారు. ఆ కాగితం ఒకసారి తీసి చదవాలి. అది రుణగ్రహీత ప్రాణానికి సంబంధించినదైతే గోడలకు పైసా రాదు. ఇంటికి చేసినదైనా నిర్మాణానికే పరిమితమై సామగ్రిని వదిలేసి ఉండవచ్చు. వాహనాల్లోనూ ఇలాంటి మెలికే ఉంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వరద నష్టం రాదు, సమగ్ర పాలసీ కావాలి. మునిగిన కారును స్టార్ట్ చేసి ఇంజిన్ పాడైతే, దానికి అదనపు రక్షణ తీసుకోని పక్షంలో క్లెయిము చిక్కుల్లో పడుతుంది.

నీరు తీసిన తర్వాత..

బురద కడిగే ముందే ప్రతి గదినీ, గోడపై నీటి గీతనూ, పాడైన ప్రతి వస్తువునూ ఫొటోలు తీయాలి. పరుపులు, ఫ్రిజ్‌లు చూడలేక వీధిలో పారేయడం సహజమే. కానీ సర్వేయర్ చూసే వరకు, లేదా కంపెనీ అనుమతించే వరకు వాటిని ఉంచడం మేలు. తడిసిన ఫ్రిజ్, మోటారుకు వెంటనే కరెంటు ఇవ్వరాదు. ప్రాణాపాయం మాట అటుంచి, షార్ట్ సర్క్యూట్ వల్ల కాలిన పరికరానికి పాలసీలో మినహాయింపు ఉండడంతో వివాదం తలెత్తుతుంది. బిల్లులు పోతే బ్యాంకు స్టేట్‌మెంట్లు, దుకాణం నకళ్లు, పాత శుభకార్యాల ఫొటోలు సైతం వస్తువు ఉందనడానికి ఉపకరిస్తాయి. పాలసీ ప్రతిని ఫోన్‌లోనో, వేరే ఊళ్లో ఉన్న బంధువుల వద్దనో ఉంచుకోవాలి. బీరువాలో ఉన్నది బీరువాతోనే మునుగుతుంది.

2024 నాటి నిబంధనల ప్రకారం సమాచారం అందిన 24 గంటల్లో సర్వేయర్‌ను నియమించాలి. ఆయన 15 రోజుల్లో నివేదిక ఇవ్వాలి. నివేదిక అందిన ఏడు రోజుల్లో కంపెనీ నిర్ణయం తెలపాలి. జాప్యం జరిగినా, తిరస్కరించినా ముందుగా కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయాలి. ఐఆర్‌డీఏఐ 'బీమా భరోసా' వెబ్‌సైట్‌లో గానీ, 155255 నంబరులో గానీ ఫిర్యాదు చేయవచ్చు. 30 రోజుల్లో జవాబు రాకున్నా, వచ్చిన జవాబు సంతృప్తికరంగా లేకున్నా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రూ.50 లక్షల వరకు వివాదాలను అక్కడ రుసుము లేకుండా, న్యాయవాది అవసరం లేకుండా పరిష్కరిస్తారు. రెండు తెలుగు రాష్ట్రాలకూ ఇదే కార్యాలయం.