వెన్నెముక పరీక్ష: ఎక్స్‌రే నుండి సింథటిక్ ఎం.ఆర్.ఐ. దాకా



నడుం పట్టేసిందనో, కాలు లాగుతోందనో బాధపడేవారు లేని ఇల్లు అరుదు. నొప్పి తగ్గకపోతే డాక్టరుగారు ఎం.ఆర్.ఐ. తీయించమంటారు. ఈ పరీక్ష ఎలా వచ్చిందో, ఏం చెప్పగలదో తెలుసుకుందాం.

1895లో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. వాటితో వెన్నుపూసలు కనిపించాయి గాని, పూసల మధ్య ఉండే మెత్తని డిస్కులు కనిపించలేదు. జారిన డిస్కు నరాన్ని నొక్కితే కాలు నొప్పి వస్తుందని 1934లో అమెరికా వైద్యులు మిక్‌స్టర్, బార్ వివరించారు. ఆ రోజుల్లో దాన్ని చూడాలంటే వెన్నులోకి సూదితో మందు ఎక్కించి ఎక్స్‌రే తీయవలసి వచ్చేది.

1973లో లాటర్‌బర్ అయస్కాంతం, రేడియో తరంగాల సాయంతో బొమ్మ తీసే పద్ధతి ప్రకటించాడు. ఆయనకూ, బ్రిటన్ శాస్త్రవేత్త మాన్స్‌ఫీల్డ్‌కూ 2003లో నోబెల్ బహుమతి లభించింది.

మన ఒంట్లోని నీటిలో, కొవ్వులో హైడ్రోజన్ ఉంది. రేడియో తరంగం తాకిన హైడ్రోజన్ కేంద్రకాలు మళ్ళీ మామూలు స్థితికి రావడానికి ఒక్కో కణజాలంలో ఒక్కో వ్యవధి పడుతుంది. ఆ తేడాయే బొమ్మ అవుతుంది. అయితే కొవ్వు తెల్లగా కనిపించే బొమ్మ వేరు, నీరు తెల్లగా కనిపించే బొమ్మ వేరు. వాటిని విడివిడిగా తీసినంతసేపూ రోగి కదలకుండా పడుకోవాలి. నడుం నొప్పితో అది ఎంత కష్టమో వేరే చెప్పాలా?

బొమ్మకు బదులు ఆ వ్యవధులనే కొలిస్తే? ఈ ఆలోచన 1980లలోనే ఉంది. 2008లో స్వీడన్‌లోని లింషోపింగ్ పరిశోధకులు వేగంగా కొలిచే పద్ధతి ప్రకటించారు. ఒకసారి కొలిస్తే చాలు, కావలసిన బొమ్మలను కంప్యూటరు లెక్కగట్టి ఇస్తుంది. ఇదే సింథటిక్ ఎం.ఆర్.ఐ. ఎక్కువగా మెదడుకు వాడిన ఈ పద్ధతిని తరువాత వెన్నెముకకూ వాడి చూశారు. సింథటిక్ అన్నంత మాత్రాన నకిలీ అనుకోకండి. కొలతలు మీ ఒంటివే. డిస్కులో నీరు తగ్గితే అంకె కూడా తగ్గుతుంది. కాని రోగి కదిలినా, వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవం కదలిక వల్లా కొలత చెడవచ్చు. కొలత చెడితే దానినుంచి వచ్చే బొమ్మలన్నీ చెడతాయి.

చివరగా ఒక మాట. 1994లో అమెరికాలో నడుం నొప్పి లేని 98 మందికి ఎం.ఆర్.ఐ. తీశారు. డిస్కులన్నీ సవ్యంగా ఉన్నవారు నూటికి 36 మందే! కాబట్టి రిపోర్టులో డిస్కు ఉబ్బిందని చదివి హడలిపోకండి. నొప్పి ఎక్కడ, ఎప్పుడు, ఏ పని చేస్తే వస్తోందో డాక్టరుగారికి వివరంగా చెప్పండి. ఎంత మంచి యంత్రమైనా మీ నొప్పిని చూడలేదు, చెప్పవలసింది మీరే.