గడ్డిబండి వెనక

మిట్టమధ్యాహ్నం. లోతులేని ఏటి నీళ్ళలో ఖాళీ బండి ఒకటి ఆగివుంది. మూడు గుర్రాలు, బండిలో ఇద్దరు మనుషులు. గట్టుమీంచి ఓ కుక్క వాళ్ళకేసి చూస్తోంది. ఎడమవైపు పెంకుటిల్లు, పక్కనే నీళ్ళదగ్గర వంగి ఒకామె. దూరంగా పచ్చికబయల్లో గడ్డి పని చేసేవాళ్ళు. కేలండర్లమీదా, బిస్కట్ డబ్బాలమీదా ఈ బొమ్మ మీరు చూసే ఉంటారు. "అబ్బ, ఎంత ప్రశాంతంగా ఉందో!" అనుకునీ ఉంటారు.

జాన్ కాన్‌స్టబుల్ 1821లో పూర్తిచేసిన ‘ది హే వెయిన్’ అది. అంటే గడ్డిబండి. ఆ చోటు ఇంగ్లండులో, సఫోక్ ప్రాంతంలో స్టౌర్ నది ఒడ్డునున్న ఫ్లాట్‌ఫర్డ్. అక్కడి పిండిమర చిత్రకారుడి తండ్రిగారిదే. బొమ్మలోని ఇల్లు విల్లీ లాట్ అనే రైతుది. ఎనభై ఏళ్ళ పైచిలుకు బతుకులో ఆయన ఇల్లువదిలి పడుకున్నది నాలుగే రాత్రులని చెప్పుకుంటారు!

కాన్‌స్టబుల్ మాత్రం ఊరు వదిలేశాడు. పెద్దలు ఒప్పుకోక ఏళ్ళతరబడి ఎదురుచూసి, 1816లో మరియాను పెళ్ళాడి లండన్‌లో కాపురం పెట్టాడు. ఈ ఆరడుగుల బొమ్మ వేసిందీ అక్కడే, ఊళ్ళో గీసుకున్న పాత బొమ్మలు ముందు పెట్టుకుని. బండి వివరాలు కావలసివస్తే తమ్ముడి ద్వారా ఊళ్ళో బొమ్మ గీయించి తెప్పించుకున్నాడు.

మరి ఆ రోజుల్లో ఆ ఊళ్ళు నిజంగా అంత చల్లగా ఉన్నాయా? 1815లో నెపోలియన్‌తో యుద్ధం ముగిసింది. ధాన్యం ధర పడిపోయింది. సైనికులు తిరిగొచ్చారు, కూలిరేట్లు తగ్గాయి. చలికాలంలో కడుపునింపే నూర్పిడి పని కాస్తా యంత్రాలు లాక్కున్నాయి. 1822లో ఆ చుట్టుపక్కల కూలీలు యంత్రాలు పగలగొట్టారు, కొట్టాలకు నిప్పుపెట్టారు. మంటలు కనిపించని రాత్రి లేదని తమ్ముడు చెప్పిన సంగతి కాన్‌స్టబుల్ స్వయంగా స్నేహితుడికి రాశాడు.

అయితే ఆ బొమ్మ అబద్ధమా? పుట్టింటి గురించి పిల్లలకు చెప్పేటప్పుడు మనమూ పెరట్లో జామచెట్టునే చెబుతాం గానీ, నాన్నగారి అప్పులు చెప్పం కదా! కాన్‌స్టబుల్ వేసింది తన చిన్నతనపు ఊరు. కాకపోతే ఆయన మర యజమానిగారి అబ్బాయి.

లండన్‌లో ఆ ఏడాది బొమ్మ అమ్ముడుపోలేదు. 1824లో పారిస్‌లో బంగారు పతకం వచ్చింది. ఇప్పుడది లండన్ నేషనల్ గేలరీలో ఉంది. ఈసారి కేలండర్‌లో కనబడితే, బండి దాటి పచ్చికబయలు దాకా చూడండి. చీమల్లా కనిపించే ఆ కూలీల్లో ఒకడి చేతికి కుంచె ఇచ్చివుంటే ఏ బొమ్మ వేసేవాడో!