చీతాను చూడాలంటే

మా మిత్రులం కొందరం దక్షిణాఫ్రికా అడవులు చూసి రావాలనుకుంటున్నాము. హైటెక్ సిటీలో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలే టిక్కెట్ల సంగతి చూస్తున్నారు. ఈ సందర్భంలో చీతా చరిత్ర సభ్యులకు మనవి చేస్తున్నాను.

చీతా ఒకప్పుడు మన దేశంలోనూ ఉండేది. మొగలు చక్రవర్తులు వీటిని వేట కోసం పెంచారు. 1947లో నేటి ఛత్తీస్‌గఢ్‌లోని కొరియా సంస్థానంలో మూడింటిని కాల్చి చంపారు. 1952లో ఈ జాతి దేశంలో అంతరించిందని ప్రకటించారు.

2012 అక్టోబరులో హైటెక్ సిటీ సమీపంలోని సమావేశ కేంద్రంలో అంతర్జాతీయ జీవవైవిధ్య సదస్సు జరిగింది. ఆ రోజుల్లో మన జూపార్కును సందర్శించిన సౌదీ రాకుమారుడు ఒక చీతాల జంటను కానుకగా ప్రకటించారు. వాటిలో హీబా 2020లో, అబ్దుల్లా 2023 మార్చిలో మరణించాయి. 2022లో నమీబియా నుంచి ఎనిమిది, 2023లో దక్షిణాఫ్రికా నుంచి పన్నెండు చీతాలను మధ్యప్రదేశ్‌లోని కూనో అడవికి తెచ్చారు.

ప్రయాణం తలపెట్టేవారికి మే నుంచి సెప్టెంబరు వరకు అనుకూలం. అప్పుడు గడ్డి ఎండి, జంతువులు నీటి దగ్గరకు చేరతాయి. క్రూగర్ ప్రాంతంలో మలేరియా ఉన్నది కనుక ముందుగా డాక్టరును సంప్రదించాలి. మనవలను వెంట తీసుకువెళ్ళేవారు, ఈ జంతువు మన అడవుల్లోనూ తిరిగేదని వారికి తప్పక చెప్పాలి.