మందా జగన్నాథం

మందా జగన్నాథం (1951 - 2025 జనవరి 12) నాగర్‌కర్నూల్ లోక్‌సభ నియోజకవర్గం నుండి నాలుగు పర్యాయాలు ఎన్నికైన రాజకీయ నాయకుడు. వృత్తిరీత్యా ఇతడు వైద్యుడు. షెడ్యూల్డు కులాలకు కేటాయించబడిన ఈ నియోజకవర్గంలో 2009 ఎన్నికల నుండి నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, ఆలంపూర్, కొల్లాపూర్, అచ్చంపేట, కల్వకుర్తి శాసనసభ స్థానాలు ఉన్నాయి.

లోక్‌సభ సభ్యత్వం

1996, 1999, 2004 ఎన్నికలలో తెలుగుదేశం పార్టీ తరఫున విజయం సాధించాడు. 1998లో ఈ స్థానం కాంగ్రెస్ అభ్యర్థి మల్లు రవికి దక్కింది.

2008 విశ్వాస తీర్మానం

భారత్-అమెరికా అణు ఒప్పందాన్ని వ్యతిరేకిస్తూ వామపక్షాలు మద్దతు ఉపసంహరించుకోవడంతో మన్మోహన్ సింగ్ ప్రభుత్వం 2008 జూలై 22న సభ విశ్వాసాన్ని కోరింది. వ్యతిరేకంగా ఓటు వేయవలసిందిగా తెలుగుదేశం పార్టీ తన సభ్యులకు విప్ జారీ చేసింది. విప్ ధిక్కరించిన సభ్యుడు రాజ్యాంగంలోని పదవ షెడ్యూలు ప్రకారం అనర్హతకు గురయ్యే అవకాశమున్నది. అయినను జగన్నాథం, చిత్తూరు సభ్యుడు డి.కె.ఆదికేశవులు నాయుడు ప్రభుత్వానికి అనుకూలంగా ఓటు వేశారు. తీర్మానం 275-256 ఓట్లతో నెగ్గింది. ఇతడు తరువాత కాంగ్రెస్‌లో చేరి, 2009లో ఆ పార్టీ అభ్యర్థిగా అదే స్థానం నుండి తిరిగి గెలుపొందాడు.

తెలంగాణ అంశం

2013లో జి.వివేక్, కె.కేశవరావులతో పాటు తెలంగాణ రాష్ట్ర సమితిలో చేరాడు. 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును మూజువాణి ఓటుతో ఆమోదించింది. కనుక 2008 తీర్మానానికి భిన్నంగా ఈ బిల్లుపై ఏ సభ్యుడి ఓటూ విడిగా నమోదు కాలేదు. ఆ ఏడాది ఎన్నికలలో కాంగ్రెస్ అభ్యర్థి నంది ఎల్లయ్య చేతిలో ఓడిపోయాడు. తరువాత ఢిల్లీలో తెలంగాణ ప్రభుత్వ ప్రత్యేక ప్రతినిధిగా పనిచేశాడు.